నేలవైపు చెవి

తల వెనక, మెడ మొదలయ్యే చోట కత్తి అడ్డంగా ఆనించి ఒక్క ఒత్తు ఒత్తితే పుర్రె డబ్బా మూతలా పైకి లేస్తుంది. లోపల మెదడు కింద రెండు చిన్న గదులు. ఆమె పైగది జోలికి పోలేదు. కిందిగదిలోకి పట్టకారు దూర్చి, చిక్కుడుగింజంత తెల్లరాయిని బయటికి లాగి, బొటనవేలితో జిగురు తుడిచి, నంబరు రాసిన గాజుసీసాలో వేసింది. ఆ పొద్దుటికి అది పద్నాలుగో తల. రేవు గట్టు మీద, తడి సిమెంటు పైన, ఇంకా తొమ్మిది తలలు వరసగా నోళ్లు తెరుచుకుని ఉన్నాయి.

ముప్పైనాలుగేళ్లుగా ఆమె పని ఇదే. యాభై ఎనిమిదేళ్ల మనిషి. సన్నగా, కొంచెం వంగి ఉంటుంది. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, మెడ నుంచి వేలాడే రబ్బరు గుడ్డ. కుడిచేతి బొటనవేలి గోరు అరిగి అరిగి సగమే మిగిలింది. రేవులో అందరూ ఆమెను రాళ్లక్క అంటారు. అసలు పేరు ఆఫీసు హాజరుపట్టీలో ఉంది గానీ దాన్ని పైకి చదివే అవసరం ఎవరికీ రాలేదు. ఆమె రాని రోజంటూ ఉంటే కదా.

ఆ తలలన్నీ హాలిబట్ చేపలవి. తలుపు రెక్కంత పొడుగు, పలకంత చదును కాబట్టి రేవువాళ్లు పలకచేప అంటారు. ఆడచేప మనిషి ఎత్తు దాటి పెరుగుతుంది. మగచేప దాని పక్కన వేలు పట్టుకుని నడిచే పిల్లాడిలా ఉంటుంది. రేవులో మొగవాళ్లు ఈ సంగతి సాధారణంగా ఎత్తరు. పుట్టినప్పుడు అదీ అన్ని చేపల్లాంటిదే. చలికాలంలో, లోతు నీళ్లలో, తల్లి వదిలిన లక్షల గుడ్లలో ఒకటిగా తేలుతూ వస్తుంది. పిల్లయ్యాక నిటారుగా ఈదుతుంది, రెండు పక్కలా రెండు కళ్లు. ఆరు నెలలు తిరిగేలోగా ఎడమకన్ను ప్రయాణం కడుతుంది. నుదుటి మీదుగా జరిగి జరిగి కుడికన్ను పక్కన చేరుతుంది. అప్పుడా చేప ఒక పక్కకు ఒరిగి, సముద్రం అడుగున పడుకుంటుంది. ఇక వేటకు లేచినా, గుడ్లు పెట్టడానికి లోతులకు వెళ్లి వచ్చినా, బతుకంతా ఆ ఒరుగుడే. పైవైపు ఏ నేల మీద ఉంటే ఆ నేల రంగు. కిందివైపు పాల తెలుపు. చూపు రెండు కళ్లతోనూ పైకి, చెవి ఒకటి నేలకు.

ఆ నేలవైపు చెవిలోని రాయే ఆఫీసుకు కావాలి. దాని మీద పొరలు సమంగా పేరుకుంటాయి. వేసవికొక వెడల్పు పొర, చలికాలానికొక సన్నని పొర, రెండూ కలిస్తే ఒక వలయం, ఒక ఏడు. వలయాలు లెక్కపెడితే చేప వయసు తెలుస్తుంది. ఏ వయసు చేపలు ఎన్ని ఉన్నాయో తెలిస్తే, వచ్చే ఏడు ఎన్ని పట్టవచ్చో పైవాళ్లు చెబుతారు. మొత్తం రేవు బతుకు ఆ చిక్కుడుగింజ మీద ఆధారపడి ఉందని రాళ్లక్క ఎప్పుడూ గొప్ప చెప్పుకోలేదు. గొప్పలు చెప్పడం ఆమెకు చేతకాదు. పట్టుదల మాత్రం చేతనవును, అదే ఆమె కొంప ముంచింది.

"చెల్లెమ్మా, ఇటు రా ఓసారి."

పిలిచింది చేపలు కోసే పెద్దాయన. ఆమె కంటే ముందు నుంచి రేవులో ఉన్నవాడు ఆయనొక్కడే. ఇద్దరు మోస్తే గానీ లేవని చేపను బల్ల మీద పడుకోబెట్టి, దాని చెంప దగ్గర కత్తిమొనతో చూపిస్తున్నాడు. చెంప చర్మంలోంచి ఒక తీగ బయటికి వచ్చి మళ్లీ లోపలికి పోయింది. తీగ మీద నాచు పట్టిన బిళ్ల. చర్మం దాని చుట్టూ ఎదిగి, దాన్ని సగం మింగేసింది.

ఆమె బిళ్లను బొటనవేలితో రుద్దింది. నాచు రాలాక అంకెలు కనిపించాయి. నాలుగువేల మూడువందల పదిహేడు.

"పాతది కదూ?" అన్నాడు పెద్దాయన.

"పాతదే అన్నయ్యా."

ఆయన ఆమె మొహంలోకి చూసి, గొంతు తగ్గించాడు. "బావగారి పడవదా?"

ఆమె తలూపింది. పెద్దాయన కత్తి పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, ఎవరో పెద్దమనిషి వచ్చినట్టు ఆ చేప ముందు ఒక్క క్షణం ఊరికే నిలబడ్డాడు. తర్వాత తల కోసి ఇచ్చాడు.

ఆ వంద బిళ్లలనూ ఇరవైఏడేళ్ల కిందట, నాలుగువేల మూడువందల ఒకటి నుంచి వరస తప్పకుండా తీగకు గుచ్చి ఇచ్చింది రాళ్లక్కే. వాటిని ఒక్కొక్కటీ తెంపి చేపలకు కట్టడానికి పడవెక్కినవాడు ఆమె భర్త. ఎనిమిది రోజుల్లో వస్తానన్నాడు. మూడో రోజు గాలివాన లేచింది. పడవ రాలేదు. చెక్కముక్క కూడా ఒడ్డుకు చేరలేదు. ఆయన రాసుకునే పుస్తకం ఆయనతోనే పోయింది. ఒక్క చేపకైనా బిళ్ల కట్టాడో, కట్టకముందే అంతా అయిపోయిందో ఇన్నేళ్లూ ఎవరికీ తెలియదు. ఇప్పుడు ఆమెకు తెలిసింది. పదిహేడో చేప దాకా ఆయన బతికే ఉన్నాడు. పదిహేడో చేపను పట్టుకుని, చెంపకు తీగ గుచ్చి, రెండు మెలికలు తిప్పాడు. ఆ మెలికలు ఇవిగో, ఎడమచేతివాటం మనిషి తిప్పినట్టు ఉల్టాగా ఉన్నాయి.

ఆమె పుర్రె తెరిచి కిందిగది రాయి తీసింది. ఆ ఒక్క చేపకు మాత్రం పైగది రాయి కూడా తీసింది.

ఆఫీసు మూడో అంతస్తులో. యాభైరెండు మెట్లు. ఈమధ్య రెండు మలుపుల్లోనూ ఆగవలసి వస్తోంది. ఆ రోజు మొదటి మలుపులోనే గోడకు చేయి ఆనించి, నాలుక కింద మాత్ర పెట్టుకుంది. ఎడమ భుజం నుంచి మోచేతి దాకా ఏదో లాగుతోంది. పొద్దుటి నుంచి పుర్రెలు తెరుస్తుంటే చేయి లాగక ఏం చేస్తుందిలే అనుకుని మళ్లీ ఎక్కింది.

రాళ్లు చదివే గది పొడుగ్గా, ఇరుగ్గా ఉంటుంది. గోడల నిండా సొరుగులు. ఒక్కో సొరుగులో వెయ్యి రాళ్లు. కిటికీ దగ్గర పొడవాటి బల్ల, దాని మీద రెండు మైక్రోస్కోపులు ఎదురెదురుగా, మధ్యలో చెక్క అడ్డు. ఆ గదికి కొన్ని పద్ధతులున్నాయి. ప్రతి రాయినీ ఇద్దరు చదవాలి. ఒకరి లెక్క ఒకరికి చెప్పకూడదు. ఎవరి చీటీ మీద వాళ్లు రాసి, మడిచి, ఇద్దరూ రాశాకే విప్పాలి. రెండూ ఒకటైతే రాయి సొరుగులోకి పోతుంది. కాకపోతే తగువు డబ్బాలోకి పోతుంది. అది నీలం మూత రేకు డబ్బా. తగువు డబ్బాలో రాళ్లకు మూడో లెక్క ఉంటుంది. దానికి మాత్రం ఇద్దరూ పక్కపక్కన కూర్చుని, ఒకే గాజులోంచి వంతులవారీగా చూస్తూ, పైకి లెక్కపెట్టుకుంటూ ఒక మాట మీదికి రావాలి.

ఇంకో పద్ధతి ఉంది. లెక్కపెట్టేవాళ్లు తమ ముందున్న చిన్న కొయ్యదిమ్మెను నిలబెట్టుకుంటారు. కొయ్య నిలబడి ఉంటే ఆ మనిషిని పలకరించకూడదు. పలకరిస్తే లెక్క తప్పుతుంది, మళ్లీ మొదటికొస్తుంది. ఊడ్చే ఆయమ్మ ఒకసారి కొయ్య పడుకునేదాకా గడప దగ్గర గంటన్నర చీపురు పట్టుకుని నిలబడింది. "మీ కొయ్యకున్న మర్యాద మా ఇంట్లో నాకు లేదమ్మగారూ" అని ఆమె అన్నమాట ఇప్పటికీ ఆ అంతస్తులో చెప్పుకుంటారు.

"ఏంటక్కా, ఆలస్యమైంది?" అన్నాడు సగంబాబు.

ఇప్పుడు రెండో చదువరి అతనే. నలభైదాటిన బొద్దు మనిషి. ఏ రాయి ఇచ్చినా "పదిహేడంటే పదిహేడు, పద్దెనిమిదంటే పద్దెనిమిది, మధ్యలో ఉందక్కా" అంటాడు. అందుకే ఆ పేరు. మనసు మంచిది. వచ్చిన మొదటి వారమే వీపుకు ఆనుడున్న మెత్తటి కుర్చీ తెచ్చుకుని, అంతకుముందున్న ముక్కాలిపీటను మూలకు జరిపి, దాని మీద టీ కెటిల్ పెట్టాడు. ఆ పీట ఎవరిదో తర్వాత తెలిసి తెగ బాధపడ్డాడు. "ఉండనీలే, దానికీ ఒక పని ఉండాలిగా" అని రాళ్లక్కే సర్దిచెప్పింది.

ఆమె బిళ్లను అతని ముందు పెట్టింది. సగంబాబు అంకె చూశాడు. ఈ గదిలో పనిచేసేవాళ్లకు ఆ వంద అంకెలూ తెలుసు. అతను లేచి, కెటిల్లోంచి టీ వంచి, ఆమె చేతికిచ్చి, కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు.

"నువ్వు కూడా చదవాలి" అంది ఆమె. "పద్ధతి పద్ధతే."

భర్తా ఆమే ఈ బల్లకు అటూ ఇటూ కూర్చుని ఏడేళ్లు రాళ్లు చదివారు. చీటీల అలవాటు ఇంటికి కూడా పాకింది. పొద్దున కూరేమిటో ఇద్దరూ చెరో చీటీ మీద రాసి విప్పేవాళ్లు. అద్దె ఇల్లు మారాలా వద్దా, ఆయన అక్క పిలిచిన పెళ్లికి వెళ్లాలా వద్దా, అన్నీ చీటీలే. పక్కింటివాళ్లు వీళ్లకు మాటలు రావేమోనని అనుకున్నారట. పిల్లల సంగతి కూడా ఏడాదికోసారి అలాగే తేల్చుకునేవాళ్లు. మూడేళ్లు వరసగా ఇద్దరూ 'ఇప్పుడే వద్దు' అని రాశారు. నాలుగో ఏడు ఆమె చీటీ మార్చి రాయాలనుకుంది. ఆ చీటీ వేసే రోజు రాలేదు.

తగువు ఒక్క రాయి దగ్గర వచ్చింది. అప్పటిదాకా అందరూ రాయిని నూనెలో వేసి పైపైన కనిపించే వలయాలు లెక్కపెట్టేవాళ్లు. ఆయన మాత్రం ఒక ముసలి చేప రాళ్లలో ఒకదాన్ని మధ్యకు విరిచి, విరిగిన అంచును దీపం మీద కాల్చాడు. కాలిన అంచులో వలయాలు గోధుమరంగు గీతల్లా లేచాయి. ముసలి చేపల రాయి వెడల్పుకు పెరగదని, మందానికి పెరుగుతుందని, ఆఖరి ఏళ్లన్నీ ఆ మందంలో దాక్కుంటాయని ఆయన వాదన. కాల్చిన రాయిలో ముప్పైఒకటి చదివాడు. పైపైన చదివిన ఆమె లెక్క ఇరవైమూడు.

"కాలిస్తే పగుళ్లొస్తాయి. మీరు పగుళ్లు లెక్కపెడుతున్నారు" అంది ఆమె.

"ఒక్కసారి చూడవే. చూసి తిట్టు."

"మసిని నేను చూడను."

చూడలేదు. నెలరోజులు మొండికేసింది. ఆ నెలలోనే ఆయన పైవాళ్లకు రాసి పడవ అడిగాడు. బతికున్న చేపలకు సూదిమందు ఎక్కించి వదలాలన్నది ఆయన ఆలోచన. మందు ఎక్కిన రోజు పేరుకున్న పొర రాయిలో నిలిచిపోతుంది, ఊదా దీపం కింద పసుపుపచ్చగా వెలుగుతుంది. ఎన్నో ఏళ్లకు ఆ చేప దొరికినప్పుడు, పసుపు గీత తర్వాత ఎన్ని వలయాలున్నాయో, వదిలి ఎన్నేళ్లయిందో పోల్చి చూసుకోవచ్చు. అప్పుడు ఎవరిది ఒప్పో చేపే చెబుతుంది.

వెళ్లే ముందురోజు ఆయన ఆ తగువు రాయికి మళ్లీ చీటీ రాసి, మడిచి, రాయితో సహా నీలం డబ్బాలో పెట్టాడు. "నువ్వూ రాసెయ్. విప్పేద్దాం" అన్నాడు.

"మీరు వచ్చాక రాస్తాను" అంది ఆమె, తలెత్తకుండా.

ఇరవైఏడేళ్లుగా ఆమె రాయలేదు. తను రాయకుండా ఎదుటివాళ్ల చీటీ విప్పకూడదు కాబట్టి ఆయన చీటీ విప్పలేదు. తగువు డబ్బా ఎన్నోసార్లు నిండింది, ఎన్నోసార్లు ఖాళీ అయింది. ఖాళీ అయిన ప్రతిసారీ ఆ రాయినీ, ఆ చీటీనీ అడుగున మళ్లీ పడుకోబెట్టేది. పన్నెండేళ్ల కిందట రాళ్లన్నిటినీ విరిచి కాల్చి చదవాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఆమె మారు మాట్లాడకుండా విరిచింది, కాల్చింది. ఆ ఒక్క రాయి జోలికి మాత్రం పోలేదు. ఆయన ఒప్పయితే, ఒప్పుకోవలసిన మాటను ఒప్పుకోక మనిషిని సముద్రం మీదికి తోలింది తనే. ఆయన తప్పయితే, మనిషి ఊరికే పోయినట్టు. ఏ వైపు తిరిగినా గోడే. కానీ అంతకంటే ఎక్కువగా ఆమెను తినేసింది ఒకటే ప్రశ్న. ఆయన కోపంతో వెళ్లాడా? రోజూ పొద్దున చేపతల తెరిచి, నేలకు చెవి ఆనించి పడుకున్న ఆ వైపు వేలు పెట్టినప్పుడల్లా ఆ ప్రశ్నే అడిగేది. ఆయన కూడా అక్కడే ఎక్కడో, ఆ నేల మీదే, ఒక పక్కకు ఒరిగి ఉంటాడు. పలకచేపలు ఆయన పక్కన పడుకునే ఉంటాయి.

మధ్యాహ్నం భోజనం ఆమె ముట్టుకోలేదు. సగంబాబు తన డబ్బాలోంచి సగం తీసి ఆమె ముందు పెట్టాడు. అదీ అలాగే ఉండిపోయింది.

ఆమె నేలవైపు రాయిని విరిచింది. ఒక సగాన్ని పచ్చిగానే ఉంచి, రెండోదాన్ని పొయ్యిలో కాల్చింది. కిటికీ తెర దించి, ఊదా దీపం వెలిగించి, పచ్చి సగాన్ని దాని కింద పెట్టింది. నల్లటి చీకటి. ఆ చీకట్లో, రాయి లోపల, వెంట్రుకంత సన్నగా ఒక పసుపు గీత వెలిగింది.

ఇది ఆయన చేత్తో గీసిన గీత. ఫోటోలు పాలిపోయాయి, చొక్కాలు చిమటలు కొట్టేశాయి, గొంతు ఎలా ఉండేదో కూడా ఈమధ్య సరిగ్గా గుర్తుకు రావడం లేదు. ఈ చేప మాత్రం ఇరవైఏడేళ్లు ఆ ఒక్క రోజును చెవిలో పెట్టుకుని తిరిగింది. దాని మీద ఏడాదికొక పొర కప్పుకుంటూ దాచింది.

కాల్చిన సగాన్ని పక్కన పెట్టి, గీత ఎక్కడుందో కొలిచి, కొయ్యదిమ్మె నిలబెట్టి లెక్క మొదలుపెట్టింది. నడిబొడ్డు నుంచి గీత దాకా పదకొండు. గీత నుంచి అంచు దాకా మెల్లగా, ఒక్కో గీత దగ్గరా ఆగి, ఊపిరి బిగబట్టి లెక్కపెట్టింది. ఇరవైఏడు. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టింది. ఇరవైఏడే. తర్వాత విరవని పైవైపు రాయిని నూనెలో వేసి, పాత పద్ధతిలో, తన పద్ధతిలో పైపైన చదివింది. గీత దాటాక పద్నాలుగు కనిపించాయి. మిగతా పదమూడేళ్లూ ఎక్కడా లేవు.

చీటీ రాసి మడిచి కొయ్య పడుకోబెట్టింది. సగంబాబు తన వంతు చదవడానికి గంట తీసుకున్నాడు. రెండు చీటీలూ బల్ల మీద విప్పారు. రెంటి మీదా ముప్పైఎనిమిది.

"ఈసారి మధ్యలో లేదక్కా" అన్నాడు అతను. కళ్లు తుడుచుకుంటున్నాడు. "బావగారు సరిగ్గా చెప్పారు."

"ఆయనెప్పుడూ సరిగ్గానే చెప్పేవారు" అంది ఆమె. ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. అనేశాక పెద్దగా ఏమీ కాలేదు. కిటికీ తెర తీస్తే బయట మామూలు సాయంత్రమే ఉంది.

ఐదింటికి సగంబాబు సంచి భుజాన వేసుకున్నాడు. "ఇంటిదాకా దిగబెట్టనా?" అని అడిగాడు.

"నువ్వెళ్లు. ఒక్క రాయి ఉంది."

ఏ రాయో అతనికి తెలుసు. తలుపు దగ్గరగా వేసి వెళ్లాడు.

రాళ్లక్క నీలం డబ్బా తెరిచింది. అడుగున దూది, దూది కింద రాయి, మడిచిన చీటీ. చీటీ మడతలు పసుపురంగు తిరిగి పెళుసెక్కాయి. ఆమె చీటీని పక్కన పెట్టి, ఆనాడు ఆయన విరిచి కాల్చిన సగాన్ని గాజు కింద పెట్టుకుంది. మసి అని చూడనన్నది దీన్నే. చూడడానికి ఇరవైఏడేళ్లు పట్టింది. కొయ్య నిలబెట్టి లెక్కపెట్టింది. గీతలు శుభ్రంగా, పలక మీద గీసినట్టు ఉన్నాయి. కళ్లున్నవాళ్లెవరైనా చదవగలరు. ముప్పైఒకటి.

కొత్త చీటీ తీసి 31 అని రాసి, మడిచింది. ఇప్పుడు ఇద్దరూ రాసినట్టే. ముందు తన చీటీ విప్పి బల్ల మీద పెట్టింది, తర్వాత ఆయనది. మడత దగ్గర చిరగకుండా గోటితో మెల్లగా విప్పింది. ఎడమచేతివాటం అంకెలు, వెనక్కి వాలి ఉన్నాయి.

23.

ఆమె చీటీని తిప్పి చూసింది. వెనక ఏమీ లేదు. మళ్లీ ముందుకు తిప్పింది. ఇరవైమూడు. అది తన లెక్క.

మొదట ఒళ్లు మండింది. కళ్లతో చూసింది ఒకటి, చీటీ మీద రాసింది ఒకటి. ఈ గదిలో అంతకు మించిన తప్పు లేదు. ఎదుటివాళ్ల లెక్క రాసినవాళ్లను మర్నాటి నుంచి మెట్లెక్కనివ్వరు. ఏడేళ్లలో ఒక్కనాడు ఒక్క వలయం అటూ ఇటూ చేయని మనిషి, భార్య అలక తీర్చడానికి ఎనిమిదేళ్లు మింగేశాడు. మింగేసి, 'నువ్వూ రాసెయ్, విప్పేద్దాం' అన్నాడు. ఆయన తగువు ఆ రోజే తీర్చేసుకున్నాడు. బూట్లు తొడుక్కుంటూ ఈల వేశాడని ఆమెకు ఇప్పుడు గుర్తొచ్చింది. ఈల వేశాడు కదూ. ఇన్నేళ్లూ అది వెటకారం ఈల అనుకుంది.

కోపంతో వెళ్లలేదు. ఆమెకు ఏడుపు వచ్చింది. ఆపుకోలేదు, ఆపవలసినవాళ్లెవరూ లేరు. ఆ మాట వెనకే రెండోది వచ్చి గుండెల్లో గుచ్చుకుంది. ఆ రోజు తను తలెత్తి ఒక్క అంకె రాసి ఉంటే చీటీలు విప్పేవాళ్లు. రెంటి మీదా ఇరవైమూడు ఉండేది. ఆయన నవ్వేవాడు, ఆమె సిగ్గుపడేది. పడవ వేరెవరితోనో వెళ్లేదేమో, వెళ్లకపోయేదేమో. ఒక్క అంకె రాయడానికి ఎంతసేపు పడుతుంది?

చాలాసేపటికి కళ్లు తుడుచుకుని రెండు చీటీలనూ పక్కపక్కన పెట్టి చూసింది. ఇరవైమూడు, ముప్పైఒకటి. అప్పుడు ఆమెకు నవ్వొచ్చింది. ఇన్నేళ్ల తర్వాత, ఒకరి లెక్క ఒకరు రాసుకుని కూడా, ఇద్దరికీ మళ్లీ కలవలేదు. పద్ధతి ప్రకారం ఆ రాయికి మూడో లెక్క కావాలి.

ఎడమచేయి బాగా లాగుతోంది. ఆమె లేచి, మూలకు నడిచి, ముక్కాలిపీట మీది కెటిల్ని దించి నేల మీద పెట్టింది. పీట మీద టీ మరకల గుండ్రటి గుర్తులు. రబ్బరు గుడ్డ అంచుతో వాటిని తుడిచింది. పీటను ఎత్తలేక ఈడ్చుకుంటూ తెచ్చి, తన పీట పక్కన, ఆనించి వేసింది. కూర్చుని కొయ్యదిమ్మె సరిగ్గా నిలబడి ఉందో లేదో చూసుకుంది. గాజుకు కన్ను ఆనించింది.

"ఒకటి" అంది పైకి. కొంచెం ఆగింది. ఆయన వంతుకు చోటిచ్చి మళ్లీ తను అంది. "మూడు."

పొద్దు వాలేవేళకు ఆయమ్మ చీపురు పట్టుకుని వచ్చింది. తలుపు తోసి, గడప దగ్గరే ఆగింది. రాళ్లక్క మైక్రోస్కోపు మీదికి వంగి ఉంది. నుదురు గొట్టానికి ఆని ఉంది. ఒక చేయి బల్ల మీద, ఒక చేయి పక్కపీట మీద. కొయ్య నిలబడి ఉంది.

ఆయమ్మ పలకరించలేదు. చీపురు గోడకు ఆనించి, గడప మీద కూర్చుని, ఇంట్లో పనులు తలుచుకుంది. కాసేపటికి బయట దీపాలు వెలిగాయి. ఇంకా కాసేపటికి, లెక్క మరీ ఎక్కువసేపు పట్టిందని ఆమెకు అనిపించింది. లేచి, అడుగులో అడుగు వేసుకుంటూ, లెక్క తప్పించకూడదన్నట్టు మెల్లగా దగ్గరికి వెళ్లింది.

"అమ్మగారూ" అంది. "అమ్మగారూ."

తర్వాత మెట్ల మీద పరుగు, కేకలు, మనుషులు. వాళ్లు వచ్చి, ఆమెను ఎత్తుకుని, యాభైరెండు మెట్లూ జాగ్రత్తగా దిగి తీసుకుపోయాక గదిలో ఎవరూ మిగల్లేదు. దీపం ఆర్పడం ఎవరికీ గుర్తులేదు. కెటిల్ నేల మీద ఉంది. వెలుగు కింద విప్పిన రెండు చీటీలు, కాల్చిన సగం రాయి, ఇంకా నిలబడే ఉన్న కొయ్య, బల్ల ముందు ఒకదానికొకటి ఆనుకున్న రెండు ముక్కాలిపీటలు.